తిన్న రెండు గంటలకి

ఇంకా రాలేదు. రాకుండా పోతే అంతకన్నా కావలసింది లేదు, కానీ వచ్చేదే అయితే ఈ పూట, ఈ ఇంట్లో, ఈ చాప మీద మాత్రం రాకూడదు తండ్రీ అనుకుంటూ శేషాచలం వసారాలో ఒత్తిగిలి పడుకుని గోడ గడియారం వంకే చూస్తున్నాడు. మూడుంబావు. విస్తరి ముందు నించి లేచింది ఒంటిగంటన్నరకి. గుంటూరు డాక్టరు చెప్పిన ప్రకారం తిన్న గంటన్నర మొదలు మూడు గంటల లోపు ఎప్పుడైనా పట్టుకోవచ్చు, అంటే వచ్చే వేళ అయింది. నాలుగింటికి సత్తెనపల్లి బస్సు. ఆ బస్సెక్కి కిటికీ పక్కన కూలబడితే చాలు, తర్వాత ఏ పత్తిచేల మధ్యనో సోలిపోయినా, కండక్టరు తాగుబోతనుకుని దించేసినా ఫరవాలేదు, తనెవరో అక్కడ ఎవరికీ తెలీదు. ఇక్కడ అలా కాదు. ఈ పూటకి తను శేషాచలం కాదు. పొద్దున కాళ్ళు కడిగి, ఆ నీళ్ళు నెత్తిన జల్లుకుని, రామం తనని వాళ్ళ నాన్న స్థానంలో కూచోబెట్టాడు. ఈ ఇంటి పెద్ద రాధాకృష్ణమూర్తి పోయి ఏడాదయింది, ఇవాళ సంవత్సరీకం, తను పితృస్థానంలో భోక్త. భోక్త తిన్నది పోయినవాడికి చేరుతుంది. మరి భోక్త చెమటలు కక్కి, కళ్ళు తేలేసి చాప మీద పొర్లితే అది ఎవరికి చేరుతుందో ఎవరూ చెప్పలేదు. భయంగా ఉంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చాయి, వందల ఇళ్ళలో చచ్చిపోయినవాళ్ళ పేరున కూచుని తిన్నాడు, ఇప్పుడు బతికున్న తన ఒంటిని చూసి తనే భయపడుతున్నాడు.

ఎవరికన్నా చెప్పుకుంటే నవ్వుతారు. తినడమే పని అయినవాడికి పొట్ట కోసి, కడుపులో మూడు వంతుల్లో రెండు వంతులు తీసిపారేశారు, ఎనభై నాలుగు ఎండాకాలంలో. ముప్ఫయ్యేళ్ళు మధ్యాహ్నం ఒంటిగంట దాకా మంచినీళ్ళు ముట్టకుండా కూచోవడం, ఆ పైన ఒక్కసారే ముగ్గురి తిండి తినడం, తద్దినాల్లేని రోజుల్లో గొడ్డుకారం కలిపిన అన్నం, పుండు పడక ఏం చేస్తుంది. రక్తం కక్కుకుంటే గుంటూరు తీసుకెళ్ళారు. లేచి నిలబడేసరికి ఎనభై కిలోల మనిషి యాభై రెండయ్యాడు. ఆ కుర్ర డాక్టరు మంచం అంచున కూచుని బొమ్మ గీసి మరీ చెప్పాడు: ఇదివరకు మీ కడుపు కుండ పంతులుగారూ, తిన్నది అందులో నిలవుండి మెల్లిగా దిగేది, ఇప్పుడది గరాటు. తీపి తిన్నారంటే తిన్నగా పేగుల్లోకి దూకుతుంది, రక్తంలో షుగరు గభాలున లేస్తుంది, ఒళ్ళు కంగారుపడి దాన్ని అణచబోయి ఉండాల్సిందాన్ని కూడా అణిచేస్తుంది. అప్పుడు చెమట, వణుకు, మాట తడబాటు, ఇంకా ముదిరితే తెలివి ఉండదు. ఇంతింత చొప్పున రోజుకి ఆరుసార్లు తినండి, తీపి జోలికి పోకండి, చెమట మొదలవగానే నాలుగు వేయించిన శనగలో రెండు బిస్కట్లో నోట్లో వేసుకోండి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది అన్నాడు. మంచివాడే, కాదనకూడదు. కానీ తను చేసే పని ఏంటో ఆయనకి చెప్పలేదు, గుళ్ళో పూజారినన్నాడు. పితృస్థానంలో కూచునేవాడు రోగిష్టివాడు కాకూడదు, పెట్టింది వద్దనకూడదు, ఆ పూట తిన్నాక మర్నాడు తెల్లారేదాకా మళ్ళీ మెతుకు ముట్టకూడదు, ముడితే పెట్టిన తద్దినం పెట్టనట్టే, ఇదంతా ఆయనకెలా చెప్తాడు. తిరిగొచ్చి ఊళ్ళోవాళ్ళకి మాత్రం కాశీ వెళ్ళొచ్చానన్నాడు. రొమ్ము కింది నించి బొడ్డు దాకా ఉన్న కోత మచ్చ కనపడకుండా ఉత్తరీయం నిండుగా చుట్టుకోవడం నేర్చుకున్నాడు. కాశీ నీళ్ళు బాగా పడ్డాయి పంతులుగారూ, ఒళ్ళు తగ్గి తేలికపడ్డారు అన్నారు జనం.

నిజం తెలిసింది ఇద్దరికే, ఇంట్లో భార్య బాలసరస్వతికి, ఇదిగో ఈ రాధాకృష్ణమూర్తికి. ఇరవై రెండేళ్ళు ఇద్దరూ జోడీ. ఏ ఊళ్ళో తద్దినమైనా విశ్వేదేవస్థానంలో, అంటే దేవతల పేరున, వాడు, పితృస్థానంలో తను, పక్కపక్క విస్తళ్ళు. భోక్తలు మాట్లాడకూడదు గనక అంతా సైగలే. ఆపరేషనయ్యాక తన విస్తట్లో పరమాన్నం పడబోయేసరికి పక్కనించి వాడు గొంతు సవరించేవాడు, చెయ్యి చాపి ఇటు పట్రమ్మని సైగ చేసేవాడు, వడ్డించేవాళ్ళు వాడి తిండిపోతుతనానికి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. నవ్వితే నవ్వారు. బస్సులో సంచీలోంచి శనగల పొట్లం తీసి తన ఒళ్ళో పడేసి, నములు, పాపం తగిలితే నాకు తగల్నీ అనేవాడు. నాకు షుగరెక్కువ, నీకు తక్కువ, ఇద్దర్నీ కలిపి కలియదిప్పి రెండు చేస్తే ఇద్దరు మంచి మనుషులయ్యేవాళ్ళంరా అని వాడి వేళాకోళం ఒకటి. అవును, వాడికి మధుమేహం. తన వాటా తీపి కూడా తిని తినే ముదరబెట్టుకున్నాడేమో అని అప్పుడప్పుడూ గుండెలో కలుక్కుమంటుంది, ఆ ఆలోచన ఎక్కువసేపు ఉంచుకోడు. కాలికి పుండు పడింది, మానలేదు. ఆఖరి ఆర్నెల్లూ రామం డాక్టర్ల మాట మీద తండ్రికి తీపన్నది చూపించలేదు, అన్నం కూడా కొలిచి పెట్టాడు. వాడేమో వీధరుగు మీద కూచుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పుకునేవాడు, బడిపంతులు కొడుకు దొరికాడయ్యా, కడుపు మాడ్చి పాఠం చెప్తున్నాడు అని. లోపల రామం వినేవాడు. విని తల వంచుకుని బడికి వెళ్ళిపోయేవాడు.

అందుకే వడ్డించాడు రామం ఇవాళ అలాగ. స్నేహితుణ్ణి భోక్తగా కూచోబెట్టకూడదని వాళ్ళ మేనత్త వెంకాయమ్మగారు ఎంత చెప్పినా వినలేదట, నాన్నకి ఇష్టమైన మనిషి శేషాచలం బాబాయి, ఆయన తింటే నాన్న తిన్నట్టే ఉంటుంది అన్నాడట. గారెలు ఎవరో తెచ్చారు, కూరలు ఎవరో తెచ్చారు, బూరెల పళ్ళెం మాత్రం కర్త రామమే ఎత్తుకొచ్చాడు. ఒకటి వేశాడు, రెండు వేశాడు, తను చెయ్యి అడ్డం పెట్టబోయి తలెత్తి చూశాడు. ఆ మొహం చూశాక చెయ్యి అడ్డం పెట్టేవాడు మనిషేనా. ఆర్నెల్లు లేదు లేదన్నదంతా ఒక్క విస్తట్లో పెట్టేయాలని చూస్తున్నాడు అబ్బాయి. నాలుగు బూరెలు తిన్నాడు శేషాచలం, రెండు గరిటెల పరమాన్నం తిన్నాడు. పక్క విస్తరి ముందు ఎవరో ఒంగోలు నించి వచ్చిన కొత్తాయన, తన విస్తరి తను చూసుకున్నాడు, తిన్నాక రెండింటి బస్సుకి వెళ్ళిపోయాడు. తృప్తి అయిందా అని కర్త అడిగితే, అయింది అన్నాడు తను. నిజంగానే అయింది, ఆ క్షణాన. ఇక పొద్దున చేసిన ఘనకార్యం గురించి ఏం చెప్పాలి. బాలసరస్వతి సంచీలో శనగల పొట్లం పెడితే తీసి మళ్ళీ అలమరలో పెట్టేశాడు. మిగతా ఊళ్ళలో దొంగతిండి తిన్నానంటే తిన్నాను, వాడి తద్దినం నాడు తినను అన్నాడు. ఆవిడ ఏడ్చినంత పని చేసింది, నియమం ఆయన కోసమైతే ఆయనే మీ చేత తినిపించేవాడు గదా అంది. ఆడవాళ్ళకి శాస్త్రం తెలీదనుకుని చెప్పులేసుకుని వచ్చేశాడు. పెద్ద శాస్త్రం తెలిసినవాడు బయల్దేరాడు.

మూడూ ఇరవై అయిదు. మెడ వెనక చల్లగా తగిలింది. గాలేమో. గాలి కాదు, ఈ ఎండలో చల్లగాలి ఎక్కణ్ణించి వస్తుంది, ఎదురుగా కల్లంలో ఎండుతున్న మిరపకాయల ఘాటు తప్ప ఏ గాలీ లేదు. చెవుల వెనక తడి. వచ్చింది. వచ్చేసింది. పిడికిలి బిగించి చూసుకున్నాడు, వేళ్ళు వణుకుతున్నాయి, బిగించిన కొద్దీ వణుకుతున్నాయి. ఇంకా అయిదు నిమిషాలు తెలివి బాగానే ఉంటుంది, ఈ అయిదు నిమిషాల్లో ఏదో ఒకటి చెయ్యాలి. లేచి కల్లంలోకి వెళ్తే. అక్కడ దేవకుమారి కూలి ముఠా ఆడవాళ్ళు రంగుపోయిన తాలుకాయలు ఏరుతున్నారు, వాళ్ళ గిన్నెల్లో ఇంత మిగిలుంటుంది, అమ్మా ఒక్క ముద్ద పెట్టండంటే కాదంటారా. తద్దినం తిని నోరు కడుక్కున్న పంతులు వచ్చి ముద్ద అడుక్కున్నాడని సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. తెలిస్తే తెలిసిందిలే, లేవరా లేవరా అని కాళ్ళకి చెప్పాడు, కాళ్ళు వినలేదు. ఇలాగే ఓ రోజు గుంటూరు మిర్చి యార్డు బయట, బస్తాల మధ్య కూలబడితే బుడాన్ అని హమాలీ మేస్త్రీ మంచివాడు, పంచదార దట్టంగా వేసిన టీ తాగించాడు, ప్రాణం లేచొచ్చింది, గంటలో మళ్ళీ అంతకన్నా లోతుకి పడిపోయాడు, తీపితో పోయినదాన్ని తీపితో పట్టుకోబోతే అంతే. ఇంకోసారి ఇంట్లో, బాలసరస్వతి అన్నం కలిపి నోటికందిస్తుంటే నువ్వెవత్తెవి అని గ్లాసు విసిరాడట. తనకి గుర్తు లేదు. ఆవిడ కనుబొమ్మ మీద మచ్చ ఉంది. ఆ మచ్చ చూసినప్పుడల్లా భయమేస్తుంది, చచ్చిపోతానని కాదు, చావుకి ముందు ఆ కాసేపు తన నోట్లోంచి మాట్లాడేవాడు ఎవడో, వాడేమంటాడో, వాడిని ఆపేవాడెవడని.

ఆపాలి. నోరు మూసుకోవాలి. ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకుందామని వెతికితే చేతికి దొరకలేదు, చెయ్యే దొరకలేదు. గడియారం ముల్లు మూడు దగ్గరుందా ఆరు దగ్గరుందా, రెండు గడియారాలున్నాయి, రెండిట్లో ఏది నాది. నా పేరు. నా పేరు చెప్పుకోవాలి, పేరు ఉంటే తెలివి ఉన్నట్టు. శే. శే తర్వాత ఏంటి. పొద్దున సంకల్పంలో చెప్పిన పేరు రాధాకృష్ణమూర్తి, అదే నా పేరు కాబోలు, కాళ్ళు కడిగింది నాకే గదా, ఎదురుగా గోడ మీద దండేసిన ఫొటోలో ఉన్నది నేనే గదా, ఎందుకురా నాకు దండేశారు. బస్సు కదులుతోంది. పక్కన వాడు కూచున్నాడు, సంచీలో చెయ్యి పెట్టాడు, తియ్యడేం, తియ్యి, తొందరగా తియ్యి, చూడు నాకు కళ్ళు తిరుగుతున్నాయి. తియ్యకుండా నవ్వుతున్నాడు వెధవ. పెదాలు మొద్దుబారాయి, నాలుక బరువు, చెమట కళ్ళల్లోకి కారి మంట, మిరపకాయలన్నీ కల్లం గట్టు దాటి వసారాలోకి ఎర్రగా పొంగుకొస్తున్నాయి, ఇక్కడ పడుకున్నవాణ్ణి ముంచేస్తాయి, అమ్మా, ఎవరన్నా రండి, కడుపులో పెద్ద గొయ్యి, ఆ గోతిలోకి నేనే జారిపోతున్నాను, పట్టుకోండి, ఏదైనా వెయ్యండి అందులో. అప్పుడెవడో మాట్లాడాడు. చాలా దగ్గరగా, మింగుడుపడని గొంతుతో, ఆకలేస్తోంది అన్నాడు. మళ్ళీ అన్నాడు. ఆకలేస్తోందిరా రామం, ఏదన్నా పెట్టరా. ఎవడబ్బా వీడు అనుకున్నాడు శేషాచలం, పాపం ఎవరన్నా పెడితే బావుణ్ణు అనుకున్నాడు.

చాలా దూరాన కంచుగిన్నె ఏదో కిందపడి దొర్లింది. పరుగులు. ఎవరివో చేతులు భుజాల కింద పెట్టి లేపి గోడకి ఆనించాయి. నాన్నా అంటున్నారెవరో. నాన్నేంటి, నాకు పిల్లల్లేరే. వెంకాయమ్మగారి గొంతు పైనించి వినపడుతోంది, వాడేనే, వాడే వచ్చాడు, నేను చెబితే విన్నారా అంటోంది. రామం తల్లి ప్రసూనాంబ వదినగారి చెయ్యి, గాజుల్లేని చెయ్యి, పెదాల దగ్గరికి వచ్చింది. పప్పన్నం ముద్ద. తీపి కాదు, ఏ దేవుడు చెప్పాడో ఆవిడకి, తీపి కాదు. నమిలాడు. ఇంకోటి. గారె ముక్క విరిచి పెట్టింది. పళ్ళు వాటంతటవి నములుతున్నాయి, గొంతు వాటి వెంట మింగుతోంది, ఎంతసేపు తిన్నాడో తెలీదు, మెల్లిగా గడియారం ఒకటే అయింది, ఫొటోలో ఉన్నది తను కాదని తెలిసింది, నా పేరు శేషాచలం అని తెలిసింది. చెమట చల్లారి వెన్నులో వణుకు మిగిలింది. బతికాను అనుకున్నాడు. అప్పుడు గానీ తన పాదాల మీద ఏదో బరువుందని తెలియలేదు. రామం. తన రెండు కాళ్ళూ కౌగలించుకుని వాటి మీద తల పెట్టి ఏడుస్తున్నాడు. కర్త ఆ పూట కన్నీళ్ళు కార్చకూడదు, అయినా ఎవరూ వారించడం లేదు. పోయే ముందు రోజు సాయంత్రం కూడా ఇదే మాటన్నావు నాన్నా, ఆకలేస్తోందిరా అన్నావు, నేను జావ చాలన్నాను, నిన్ను ఆకలితో పంపించాను, ఇవాళ ఇన్ని పెట్టినా నీ ఆకలి తీరలేదు, నేనేం చెయ్యను, గయ వెళ్ళనా, ఇంకేం పెట్టను అంటున్నాడు. ప్రసూనాంబగారు ముద్ద పట్టుకున్న చెయ్యి అలాగే ఉంచి గోడకి చేరగిలపడి చూస్తోంది, ఆవిడ కళ్ళల్లో ఉన్నది మొగుడు తిరిగొచ్చాడన్న సంతోషం కాదు, అక్కడ కూడా ఆయనకి తిండి లేదా అన్న దిగులు.

శేషాచలానికి అంతా ఒక్కసారి అర్థమైంది, అర్థమయ్యాక ఇందాకటి భయం దీని ముందు ఏపాటిది అనిపించింది. ఊరుకుంటే చాలు. ఒక్క మాట మాట్లాడకుండా ఉంటే చాలు, నాలుగింటి బస్సెక్కొచ్చు. ఊరుకుంటే పరువు దక్కడమే కాదు, ఇంకా పెరుగుతుంది, పితృదేవత పలికిన భోక్త అని సత్తెనపల్లి చుట్టుపక్కల ఊళ్ళన్నీ కబురంపుతాయి, వెంకాయమ్మగారొక్కరే చాలు అంత ప్రచారానికి. మళ్ళీ తిన్న నేరం కూడా తన మీద ఉండదు, తిన్నది పోయినవాడు. నోరు విప్పితే ఇవాళ్టితో సరి. రోగిష్టివాణ్ణని, కాశీ వెళ్ళలేదని, రెండేళ్ళుగా ప్రతి ఇంటివాళ్ళనీ మోసం చేశానని తెలిశాక గుమ్మమెక్కనిచ్చేవాడుండడు, ఈ వయసులో ఇంకో పని చేతకాదు, బాలసరస్వతికి ఏం చెప్తాడు. ఇంకో రోజు చెప్పొచ్చు, ఉత్తరం రాయొచ్చు. ఉత్తరం అందేదాకా వీడు అన్నం తింటాడా. నలభయ్యేళ్ళొచ్చినవాడు, నలుగురు పిల్లలకి పాఠం చెప్పుకునేవాడు, ఇక బతికినన్నాళ్ళూ ముద్ద నోట్లో పెట్టుకోబోయినప్పుడల్లా ఈ మాట వినపడుతుంది వాడికి. గుండె దడదడ కొట్టుకుంటోంది. ఇది షుగరు కాదు, ఉత్త పిరికితనం. రామం జుట్టు మీద చెయ్యి వేశాడు.

"లే నాయనా. లేచి ఇటు చూడు" అన్నాడు. రామం తలెత్తాడు. శేషాచలం ఉత్తరీయం భుజం మీంచి తీసి పక్కన పెట్టాడు, రొమ్ము నించి బొడ్డు దాకా ఉన్న ఆ గీత మీద రామం చెయ్యి పట్టి ఆనించాడు. "ఆకలేసింది మీ నాన్నకి కాదురా, నాకు. రెండేళ్ళ కిందట నా కడుపు కోసేశారు. తిన్నది నిలవదు, రెండు గంటలకి ఒళ్ళు తెలీకుండా పోతుంది. అన్న మాట నాది, మీ అమ్మ పెట్టిన ముద్ద తిన్నదీ నేనే."

రామం వేళ్ళు ఆ కుట్ల గరుకు మీద ఒక్కొక్కటే తడిమాయి, నమ్మాలా వద్దా అన్నట్టు. అయితే నాన్నకి చేరలేదా బాబాయ్ అని అడిగాడు, చాలా చిన్న గొంతుతో. చేరిందిరా అనేయొచ్చు, ఎన్ని ఇళ్ళలో అనలేదు, కానీ ఇవాళ అబద్ధం ఆడే ఓపిక కూడా లేదు. చేరిందో లేదో నాకు తెలీదు, ముప్ఫయ్యేళ్ళుగా తింటున్నా నాకెప్పుడూ తెలీదు, ఇందాక ఆకలన్నది మాత్రం వాడు కాదు, అది నాకు తెలుసు అన్నాడు. ప్రసూనాంబగారు చేతిలో ఆరిపోయిన ముద్ద వంక చూసుకుంది, చూసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మొట్టమొదటిసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంది. గుమ్మం దగ్గర వెంకాయమ్మగారు ఒక అడుగు వెనక్కి వేసింది. కోతపడ్డవాణ్ణా మన ఇంట్లో పితృస్థానంలో కూచోబెట్టాం అని ఎవరినో కాదు, ఊరందరినీ అడిగినట్టు అడిగింది. ఆ మాట రేపు ఏ ఏ ఊళ్ళ దాకా వెళ్తుందో శేషాచలానికి ఇంటి పేర్లతో సహా తెలుసు. భయం పోలేదు. రామం చెయ్యి ఇంకా తన పొట్ట మీదే ఉంది, వెంకాయమ్మగారి చూపూ అక్కడే ఉంది. ఉత్తరీయం పక్కనే చేతికందేలా పడుంది, అయినా తీసి కప్పుకోలేదు.